పాటిమన్ను తోలేముందు ఒక్కమాట

ఎండాకాలం వస్తే రైతులు ఎరువు వేటలో పడతారు. పశువులు తగ్గిపోయాయి, పెంటపోగు చిన్నదైంది. దాంతో ఊరి పక్కనున్న పాటిదిబ్బ మీదికి బండ్లు, ట్రాక్టర్లు వెళుతుంటాయి. తెలంగాణలో దీన్నే పాటిగడ్డ అంటారు. పాటిమన్ను తోలిన చేను ఏపుగా పెరుగుతుందని మీకు తెలుసు. అయితే తోలేముందు ఆ దిబ్బలో ఏముందో కూడా తెలుసుకోండి. అది మీకంటే ముందు ఇదే నేలను నమ్ముకుని బతికిన రైతుల లెక్కల పుస్తకం. మట్టి ఒక్కసారి కలగలిసిపోతే ఆ లెక్కలు మళ్లీ చదవడం ఎవరి తరమూ కాదు.

బలం ఎక్కడిది?

పాటి అంటే ఒకప్పుడు జనం కాపురమున్న చోటు. మట్టిగోడలు కూలుతాయి, వాటి మీదే కొత్త ఇళ్లు లేస్తాయి. పొయ్యి బూడిద, పేడ, ఎముకలు, ధాన్యపు పొట్టు, పగిలిన కుండలు అక్కడక్కడే పడతాయి. ఇలా వందల ఏళ్లు పేరుకుని దిబ్బవుతుంది. అందుకే ఆ మట్టిలో భాస్వరం ఎక్కువ. పురావస్తు పరిశోధకులు మట్టిలో భాస్వరం పరీక్షించి, మనుషులు, పశువులు ఎక్కడ ఉండేవారో అంచనా కడతారు. మీకు పైరు చెప్పే సంగతినే వాళ్లకు ప్రయోగశాల చెబుతుంది.

బూడిద దిబ్బల గుట్టు

బళ్లారి, రాయచూరు, అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బూడిద దిబ్బలున్నాయి. కొన్నిటిలో బూడిద కరిగి ఇనుప చిట్టెంలా గట్టిపడి ఉంటుంది. రాక్షసుల్ని కాల్చిన బూడిదని కొన్ని ఊళ్లలో చెప్పుకునేవారు. ఇనుము కరిగించిన చోటని కొందరు తెల్లదొరలు అనుకున్నారు. అది కాలిన పేడ అని 19వ శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త చెప్పినా వివాదం తీరలేదు.

1957లో రేమండ్ ఆల్చిన్ అనే పరిశోధకుడు పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒక బూడిద దిబ్బను తవ్వారు. (ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు.) పొరలు ఒక్కొక్కటే జాగ్రత్తగా తీస్తూ పోతే రెండు ఆనవాళ్లు బయటపడ్డాయి. ఒకటి, గుంజలు పాతిన గుంటల వరస. రెండోది, మెత్తటి నేలలో దిగబడిన పశువుల గిట్టల గుర్తులు. అంటే అది ఆవుల దొడ్డి. పేడ పేరుకోవడం, దాన్ని తగలబెట్టడం, మళ్లీ మందను తోలడం - ఇలా ఎన్నోసార్లు జరిగింది. ఇదంతా దాదాపు నాలుగున్నర వేల ఏళ్ల నాటి మాట.

తర్వాత కర్ణాటకలో షోరాపూర్ ప్రాంతంలోని బూదిహాళ్‌ను పుణె దక్కన్ కాలేజీకి చెందిన కె. పద్దయ్య తవ్వారు. అక్కడ దొడ్డి పక్కనే ఇళ్లు, పశువుల్ని కోసిన చోటు, రాతి పనిముట్లు చేసిన చోటు బయటపడ్డాయి. దొడ్డి ఒక్కటే కాదు, మొత్తం ఊరే తెలిసింది.

ఇక్కడ మీరు ఒకటి గమనించాలి. ఆ గిట్ట గుర్తును ఎత్తి సంచిలో వేసుకోలేం. అది మట్టిలో మట్టిగా ఉంటుంది. పొక్లెయిన్ ఒక్క బొక్కెన ఎత్తితే చాలు, నాలుగున్నర వేల ఏళ్లు నిలిచిన గుర్తు ఒక్క నిమిషంలో మాయమవుతుంది.

తవ్వే పద్ధతి

పురావస్తు తవ్వకమంటే గునపంతో గొయ్యి తీయడం కాదు. ముందు చేలన్నీ నడిచి చూస్తారు. కొత్తగా దున్నిన చేలో కుండపెంకులు, నున్నగా సానపట్టిన రాతి గొడ్డళ్లు పైకి వస్తాయి. అవి ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో పటంలో గుర్తిస్తారు. తర్వాత తాళ్లు కట్టి నేలను చదరాలుగా విడదీస్తారు. చదరానికీ చదరానికీ మధ్య గట్టు వదులుతారు. ఆ గట్టు పక్క చూస్తే పొరలు వరసగా కనిపిస్తాయి.

తవ్వేది ఎక్కువగా చిన్న తాపీతో, కుంచెతో. మట్టి రంగు మారితే పొర మారినట్టే. కింది పొర ముందుకాలానిది, పై పొర తర్వాతి కాలానిది. ప్రతి పొరలో దొరికిన వస్తువులను వేరువేరు సంచుల్లో వేసి చీటీ పెడతారు. మట్టిని జల్లెడ పడతారు. కొలతలు, బొమ్మలు, ఫొటోలు తీస్తారు. ఏ పొరలో దొరికిందో తెలియని వస్తువు ఊరూ పేరూ లేని ఉత్తరం లాంటిది.

కాలం లెక్క బొగ్గుతో తేలుతుంది. చెట్టయినా గింజయినా బతికున్నంతకాలం గాలి నుంచి కార్బన్ తీసుకుంటుంది. అందులో కార్బన్-14 అనే రకం కొద్దిగా ఉంటుంది. చచ్చాక కొత్తది చేరదు, ఉన్నది తరుగుతూ పోతుంది. 5,730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలింది కొలిస్తే వయసు తెలుస్తుంది.

నీళ్లలో తేలే గింజలు

రైతులకు బాగా నచ్చే పద్ధతి ఇంకొకటుంది. తవ్విన మట్టిని నీళ్లలో కలుపుతారు. మట్టి అడుక్కి పోతుంది, మాడి బొగ్గయిన గింజలు పైకి తేలతాయి. వాటిని సన్న జల్లెడలో పట్టి, నీడన ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. మామూలు గింజ మట్టిలో కుళ్లిపోతుంది. పొయ్యి దగ్గర జారిపడి మాడిన గింజ వేల ఏళ్లయినా ఆకారం చెడకుండా ఉంటుంది.

డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు బళ్లారి దగ్గర సంగనకల్లులో, కడప జిల్లా హనుమంతరావుపేట, పెద్దముడియం వంటి చోట్ల ఈ పని చేశారు. ముఖ్యంగా నాలుగు పంటలు తేలాయి: ఉలవ, పెసర, అండుకొర్ర, కొర్ర జాతికే చెందిన మరో చిరుధాన్యం. నాలుగూ వానాధారపు పంటలే. ఇప్పుడు మెట్ట రైతు చేతిలో ఉన్న ఉలవకు ఈ నేలలో నాలుగు వేల ఏళ్ల చరిత్ర ఉందన్నమాట. వేరుశనగ, మిరప ఆ పొరల్లో ఉండవు. అవి అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి గత అయిదు వందల ఏళ్లలో వచ్చినవి. ఏ పంట ఇక్కడిదో, ఏది వచ్చి చేరిందో చెప్పేది ఆ మాడిన గింజే.

చెబితే పొలం పోతుందా?

చాలామంది భయం ఇదే. రక్షిత ప్రాంతమని ప్రభుత్వం ప్రకటిస్తేనే ఆంక్షలు వస్తాయి. కుండపెంకులు కనిపించాయని కబురు చేసినంత మాత్రాన రావు. కేంద్రం రక్షిత ప్రాంతంగా ప్రకటించినచోట కూడా, అడుగు లోతు మించకుండా తవ్వే సాగును 1958 చట్టం ఆపదు. తవ్వకాల వల్ల రైతుకు నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. అయితే కేంద్ర రక్షిత కట్టడాలు, ప్రాంతాల చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త ఇళ్లు కట్టకూడదు. ఆ తర్వాత 200 మీటర్ల వరకు కట్టడానికి అనుమతి కావాలి. ఇది కూడా తెలిసి ఉండాలి.

నాణేలో, నగలో దొరికితే సంగతి వేరు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. యజమాని లేడని తేలితే దొరికించుకున్నవారికి, భూమి యజమానికి వాటా ఉంటుంది. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది వరకు జైలుశిక్ష కూడా పడవచ్చు.

మీరు చేయవలసినవి

1. పాటిదిబ్బను, బూడిద దిబ్బను చదును చేయకండి. బలానికి చెరువు పూడికమట్టి, పశువుల ఎరువు, పచ్చిరొట్ట వాడుకోండి.

2. దున్నేటప్పుడు రాతి గొడ్డలి, బొమ్మ, పెద్ద కుండ తగిలితే అక్కడ నాగలి ఆపండి. కుండను పెకలించకండి, లోపలి మట్టి గుమ్మరించకండి. ఆ మట్టిలోనే గింజలుంటాయి.

3. చోటు గుర్తుపెట్టి, ఫోన్‌లో ఫొటో తీసి, తహశీల్దారుకో పురావస్తు శాఖకో తెలియజేయండి. ఇచ్చిన అర్జీ నకలు దగ్గరుంచుకోండి.

4. గుప్తనిధులు తీస్తామంటూ రాత్రిపూట వచ్చేవారిని దగ్గరకు రానివ్వకండి. వాళ్లు పోయాక కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

5. బావో, బోరో, సేద్యపు కుంటో తవ్వేముందు ఆ చోట పెంకులు, బూడిద ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే కొంచెం పక్కకు జరగండి.

పాటిమన్ను బలం రెండు మూడు పంటల్లో తీరిపోతుంది. చెరువుమట్టి అయితే మళ్లీ వచ్చే ఏడాదీ దొరుకుతుంది. కాబట్టి ఈ వేసవిలో బండి కట్టేముందు దిబ్బ వైపు కాకుండా చెరువు వైపు తిప్పండి.