చెరిగే జ్ఞాపకం, పెరిగే భారం

పెద్దవారి మతిమరుపును చాదస్తమని సరిపెట్టుకోవడం తెలుగునాట వాడుకే అయినా, 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జైమర్ తొలిసారి వివరించిన అల్జైమర్స్ వ్యాధి వయసుతో సహజంగా వచ్చే మార్పు కాదు. అమిలాయిడ్ అనే ప్రొటీన్ మెదడు కణాల వెలుపల ఫలకాలుగా పేరుకోవడం, టావ్ అనే మరో ప్రొటీన్ కణాల లోపల చిక్కులు పడటం లక్షణాలు బయటపడటానికి ఏళ్ల ముందే మొదలై, నాడీకణాలు క్రమంగా నశిస్తాయి.

కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ సాధారణంగా తొలుత దెబ్బతింటుంది కనుక, చిన్ననాటి సంగతులు పూసగుచ్చినట్టు చెప్పే మనిషే అప్పుడే అన్నం తిన్న సంగతి మరచి మళ్లీ అడుగుతారు. వ్యాధి ముదిరేకొద్దీ తెలిసిన వీధిలోనే దారి తప్పుతారు, సొంత అరుగుమీద కూర్చుని ‘ఇంటికి పోదాం’ అంటారు. చివరికి మాట, నడక, మింగడం కూడా కష్టమవుతాయి.

దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది, అల్జైమర్స్ వంటి వ్యాధుల వల్ల మతి క్షీణించే డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన పరిశోధన, రెండు భాషలు మాట్లాడేవారిలో, చదువు రానివారిలో సైతం, డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని తేల్చింది.

ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం వంటి వ్యవసాయ మండలాల్లో ఇలాంటి రోగుల సేవ ఎక్కువగా భార్య, కోడలు, కూతుళ్ల మీదే పడుతుంది. రాత్రి నిద్ర, పగటి కూలి రెండూ పోగొట్టుకునే ఆ సేవకురాలిలో దిగులు, విసుగు, వాటి వెంటే అపరాధభావం పేరుకుంటాయి. వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేనందున, ఇంటిల్లిపాదీ వంతులవారీగా పని పంచుకుని సేవచేసేవారికి విశ్రాంతి కల్పించడం కూడా చికిత్సలో భాగమే.