నర్సు వృత్తి: అర్హత సంపాదించు విధము

మా బాలికను నర్సు చదువునకు పంపవలె ననిన నేమి చేయవలెనని మండపేట ప్రాంతమున తలిదండ్రు లనేకులు అడుగుచుందురు. తెల్లని దుస్తులు ధరించినంత మాత్రమున నెవ్వరును నర్సులు కాజాలరు. శిక్షణము, పరీక్ష, నమోదు అను మూడు మెట్లు నెక్కినవారికే యా పేరు చెల్లును.

తెలుగుదేశమున స్త్రీల వైద్యసేవకు గుంటూరు పేరెన్నికగన్న స్థలము. 1883లో అచ్చటికి వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసాని కృషివలన 1898లో స్త్రీలకును బిడ్డలకును ఆసుపత్రి యేర్పడెను. పరపురుషుని యెదుటికి రాని కుటుంబముల స్త్రీలకు స్త్రీచేతి వైద్యమే ఆ దినములలో శరణ్యము.

నేడు ఈ వృత్తికి ముఖ్యముగా మూడు మార్గములు గలవు. మొదటిది ఏ.ఎన్.ఎం. శిక్షణము. ఇది స్త్రీలకు మాత్రమే. ఇంటర్మీడియేటు ఉత్తీర్ణత, 17 సంవత్సరముల వయస్సు, ఆరోగ్యము వలయును. చదువు రెండు సంవత్సరములు. రెండవది మూడు సంవత్సరముల జి.ఎన్.ఎం.; మూడవది నాలుగు సంవత్సరముల బి.యస్సి. నర్సింగు. ఈ రెంటను బాలురును చేరవచ్చును. బి.యస్సి.కి ఇంటర్మీడియేటులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివి యుండవలెను.

ఏ.ఎన్.ఎం. చేయు పని స్వల్పమైనది కాదు. మైదాన ప్రాంతములందు సుమారు 5000 జనమునకు ఒక ఆరోగ్య ఉపకేంద్ర ముండవలెనని నియమము. గర్భిణుల పరీక్ష, శిశువుల టీకాలు, ఇంటింటి విచారణ ఆమె బాధ్యతలు. టీకా మందులను 2 మొదలు 8 డిగ్రీల చలువలో కాపాడనిచో వాని శక్తి నశించును. జ్వరమునకిచ్చు పారాసిటమాల్ పానకము 5 మిల్లీలీటర్లలో ఒక సీసాయందు 125 మిల్లీగ్రాములును, వేఱొక సీసాయందు 250 మిల్లీగ్రాములును ఉండును. చెంచా యొక్కటే, మందు రెట్టింపు! విద్యార్థినులారా, గణితము పరీక్షకు మాత్రమే యని తలపవలదు. లెక్క తప్పినచో ఆ తప్పు పసిబిడ్డ యొడలి మీద పడును.

తలిదండ్రులకొక మనవి. ఆఱు నెలలలో నర్సును చేసెదమని చెప్పి రుసుము గైకొనువా రుందురు. బంగారము కుదువబెట్టుటకు ముందే, ఆ పాఠశాలకు రాష్ట్ర నర్సుల కౌన్సిలు గుర్తింపు ఉన్నదో లేదో కౌన్సిలువారినే విచారింపుడు. గుర్తింపులేని చోట నెంత చదివినను నమోదు జరుగదు. నమోదు లేనిదే ప్రభుత్వోద్యోగమునకు అర్హత కలుగదు. 2023లో నర్సుల విద్యను గూర్చి దేశమున నూతన చట్టము వెలువడినది గావున, చేరు సంవత్సరపు ప్రకటనను స్వయముగా చదువుకొనవలెను.

రాత్రిపూట ఆసుపత్రిలో పని యనగా వెనుదీయు కుటుంబములు నేటికిని గలవు. మన యింట ప్రసవవేదన కలిగిన రాత్రి, మేలుకొని యుండి ఆదుకొనునది మఱియొకరి యింటి బిడ్డయే యని వారు జ్ఞప్తియందుంచుకొందురు గాక.