కరెంటు బండికి దారిబత్తెము



పూర్వము సంతకు బండి కట్టుకొని పోవు రైతు ఎడ్లకు గడ్డిమోపు వేసికొననిదే ఊరు కదలెడివాడు కాడు. నేడు మన గ్రామములలో కరెంటుతో నడచు సామాను ఆటోలు తిరుగుచున్నవి. ఎడ్లు పోయినవి గాని మేత చింత పోలేదు.

గడచిన టమాటా కాపులో నేనెరిగిన రైతొకడు 32 కిలోమీటర్ల దూరమునుండి తెల్లవారుజామున మదనపల్లె మార్కెటుకు సరకు తెచ్చెను. దింపుడు జరుగునంతలో బండికి ఛార్జి ఎక్కించుకొని, రెండవ విడత సరకునకు మరలి పోవలెనని ఆతని తలంపు. పెట్రోలు బంకులోని యంత్రపు ప్లగ్గు ఆతని ఆటోకు పట్టలేదు. మామూలు ప్లగ్గు వెదకుటకొక గంట, ఛార్జి ఎక్కుటకు రెండు గంటలు పట్టెను. రెండవ విడత చేరునప్పటికి వేలము ముగిసినది. మరునాడు మెత్తబడిన కాయ అయినకాడికి పోయెను. ఏ బండికి ఏ మేత తగునో ముందు తెలిసికొనకపోవుటయే ఈ నష్టమునకు మూలము.

పట్టణములలో సాధారణముగా మూడు విధములైన వసతులు కలవు. మొదటిది, బంకులయొద్దను హోటళ్లయొద్దను నుండు వేగపు యంత్రము. ఇది ముఖ్యముగా కార్లకు ఉద్దేశింపబడినది. దీని సీసీఎస్-2 ప్లగ్గు చాలవరకు ఆటోలకు పట్టదు. 30 కిలోవాట్ల యంత్రము 30 యూనిట్ల బ్యాటరీగల కారునకు ముప్పాతిక భాగమును సుమారు ఒక గంటలో నింపును. రెండవది 15 ఆంపియర్ల మామూలు ప్లగ్గు. 7.4 యూనిట్ల బ్యాటరీగల సామాను ఆటో దీనితో సుమారు 4 గంటలలో నిండును. మూడవది, ఖాళీ బ్యాటరీ నిచ్చి నిండుదానిని గ్రహించు పద్ధతి. ఇది కొన్ని ఊళ్లలో మాత్రమే, అందునకై చేయబడిన బండ్లకు మాత్రమే పనికివచ్చును. కావున బండి కొనుటకు ముందే దాని ప్లగ్గు ఎట్టిదో విచారింపవలెను.

ఇంటి కనెక్షనుతో ఛార్జి చేసికొనుటకు ఆటంకము లేదు. అయితే బావి మోటారు కరెంటును బండికి ఎన్నడును తగిలింపరాదు. సేద్యమునకిచ్చిన కరెంటును అన్యకార్యమునకు వాడుట 2003 నాటి విద్యుత్ చట్టము 126వ సెక్షను ప్రకారము అనధికార వినియోగము. దానికి వర్తించు ధరకు రెట్టింపు వసూలు చేయుదురు. ఉచితమను ఆశకు పోయి అప్పు తెచ్చుకొనవద్దు.

ఇక మన సంఘము చేయదగినదేమి? ఛార్జింగు ఒక సేవయే గాని కరెంటు అమ్మకము కాదని 2018లో కేంద్ర ప్రభుత్వము స్పష్టపరచినది. కావున దీనికి లైసెన్సు అక్కరలేదు. 2023 నాటి నమూనా ఉపనిబంధనలు ప్రాథమిక సంఘములకు పెట్రోలు, డీజిలు విక్రయము మొదలుగా 25కు మించిన పనులను అనుమతించినవి. గోదాము ఆవరణలో నీడపట్టున నాలుగు ప్లగ్గులు పెట్టుట మన శక్తికి మించినది కాదు.

అయినను పునాది త్రవ్వకముందే ఖర్చు లెక్కించుట వివేకము. నాలుగు ప్లగ్గులకు 13 కిలోవాట్ల లోడు కావలెను. కరెంటు కంపెనీవారి అనుమతి, ప్రత్యేక మీటరు, సరియైన ఎర్తు, షాకు తగులకుండ కాపాడు స్విచ్చి తప్పనిసరి. దినమునకు నాలుగు బండ్లు బండి ఒక్కింటికి 8 యూనిట్ల చొప్పున వాడినచో, 25 దినములకు 800 యూనిట్లు. యూనిటుకు 2 రూపాయలు మిగిలిన నెలకు 1,600 రూపాయలే. ఇది క్రొత్త కాపలాదారుని జీతమునకు చాలదు. ఉన్న గోదాము కాపలాదారునికే ఈ పని నప్పగింపవలెను. లాభమునకై దీనిని తలపెట్టినచో నిరాశయే కలుగును. సభ్యుని సరకు వేళకు వేలము చేరుటకై తలపెట్టినచో మాత్రము సార్థకమగును.

ఆటోలుగల సభ్యులు తమ బండి రకమును, బ్యాటరీ యూనిట్లను, మార్కెటుకు వచ్చు దినములను వ్రాసి కార్యదర్శిగారికి అందజేయుదురుగాక. ఆ పట్టిక చేతనుండిననే సర్వసభ్య సమావేశమున తగిన నిర్ణయము చేయవీలగును.