గీతలలో ఇమడని గానం: స్వరసంకేతాల తొలి దశ

స్వరాలు జ్ఞాపకంలో నిలవకపోతే నశిస్తాయని, వాటిని రాయడం సాధ్యం కాదని 7వ శతాబ్దం తొలి దశకాలలో సెవిల్ బిషప్ ఇసిడోర్ పేర్కొన్నాడు. నాటి ఐరోపా క్రైస్తవ మఠాలలో స్తోత్రాల బాణీలు గురుముఖతః నేర్చినవే. భాణకుల మౌఖిక సంప్రదాయం తెలిసిన బౌద్ధ పాఠకులకు ఇది వింత కాదు.

ఫ్రాంకుల రాజ్యమంతటా రోమన్ గానపద్ధతినే పాడించాలని పిపిన్, షార్లమేన్ పట్టుబట్టారు. ఆ తర్వాత, 9వ శతాబ్దంలో, స్తోత్రాక్షరాల పైన చిన్న గీతలు, కొక్కేలు, చుక్కలు కనిపించసాగాయి. వీటినే న్యూమ్‌లంటారు. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాల్ మఠ గ్రంథాలయంలో 359వ సంఖ్య గల రాతప్రతి 10వ శతాబ్దం తొలి భాగానిది. అందులోని గీత స్వరం పైకి వెళ్లాలని సూచిస్తుందే తప్ప ఎంత పైకో చెప్పదు. త్వరగా పాడాలా, నిలిపి పాడాలా అన్నది మాత్రం ప్రత్యేకాక్షరాలతో తెలుపుతుంది. బాణీ ముందే వచ్చినవారికే ఆ పుట ఉపయోగం. దీన్ని స్వరలిపి అనడం కంటే జ్ఞాపకసూత్రం అనడమే సమంజసం.

11వ శతాబ్దం తొలి భాగంలో ఇటలీలోని అరెజోకు చెందిన గీదో సమాంతర రేఖలపై స్వరస్థానాలను స్థిరపరిచాడు. ఎన్నడూ వినని పాటనైనా పాడడం సాధ్యమైంది. అయితే రేఖలు స్థిరపడే కొద్దీ లయను సూచించే సూక్ష్మ సంకేతాలు కనుమరుగయ్యాయి. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని సొలేమ్ మఠ సన్యాసులు ప్రాచీన ప్రతులను పోల్చి ఆ గానాన్ని పునరుద్ధరించేందుకు పూనుకున్నారు. లయ విషయంలో వివాదం నేటికీ తీరలేదు.

తమిళనాడులోని కుడుమియాన్‌మలై శిలాశాసనానిది ఇందుకు భిన్నమైన స్థితి. 7-8 శతాబ్దాల నాటిదిగా భావించే ఆ శాసనంలో స్వరనామాలే చెక్కి ఉన్నాయి. ఒకే స్వరం స, సి, సు, సె అంటూ అచ్చు మారుతుంది. ఆ మార్పుల అర్థంపై పండితులలో ఏకాభిప్రాయం లేదు. అక్షరం చెక్కుచెదరకున్నా, దానిని పలికించిన శిష్యపరంపర లేదు.

టిబెటన్ మఠాలలోని యాంగ్-యిగ్ ప్రతులు న్యూమ్‌లకు దగ్గరివి. మెలికలు తిరిగిన వాటి రేఖలు స్వరపు వంపును చూపుతాయి. ఆ వంపును గొంతులో ఎలా పలికించాలో మఠంలో గానానికి నాయకత్వం వహించే ఉమ్‌జే నేర్పాలి. ఇక్కడ ఆ పరంపర ఇంకా సజీవంగానే ఉంది. కనుక ఇటువంటి ప్రతికి ఛాయాచిత్రం తీసేటప్పుడే ఉమ్‌జే గానాన్నీ ధ్వనిముద్రణ చేసి, రెండింటినీ ఒకే నమోదు సంఖ్య కింద భద్రపరచడం అవసరం.