చలిదేశపు పాత పికప్పు – మందగించిన హీటరు

మన ప్రాంతములలో బండికి వేడెక్కుటయే జబ్బు. కాని అమెరికాలోని మిన్నెసోటా వంటి చోట్ల జనవరి రాత్రులందు చలి సున్నకు దిగువ 20 సెంటిగ్రేడు డిగ్రీల వరకు పోవుట సామాన్యము. అచ్చట పాత పికప్పు ట్రక్కులో హీటరు మందగించినచో చేతులు కొంకర్లు పోవుటయే గాక, ముందరి అద్దముపై మంచు కరగక త్రోవయే కానరాదు. కనుక దీనిని కేవలము సౌఖ్యమునకు చెందిన విషయముగా మేము తలంపము.

హీటరు తనంతట వేడిని పుట్టింపదు. ఇంజనును చల్లార్చుటకై తిరుగు నీటిలో కొంత ఒక రబ్బరు గొట్టముగుండ వచ్చి, డాష్‌బోర్డు వెనుక నున్న చిన్న రేడియేటరులో ప్రవహించి, వేరొక గొట్టముగుండ మరలిపోవును. దాని మీదుగా ఒక పంకా గాలిని విసరును. వృథాగా పోవలసిన వేడియే ఇట్లు అక్కరకు వచ్చుచున్నది.

కావున లోపమును పట్టియిచ్చునవి ఆ రెండు గొట్టములే. ఇంజను బాగుగా కాగిన పిదప దానిని ఆపి, వానిని మెల్లగా తాకి చూడవలెను. రెండును వేడిగా నున్నచో నీటియందు దోషము లేదు. గాలిని మళ్లించు లోపలి తలుపు బిగిసిపోవుటయో, పంకా నీరసించుటయో కారణము. ఒకటి వేడిగను, రెండవది చల్లగను ఉన్నచో చిన్న రేడియేటరు మడ్డితో పూడియుండును, లేదా నీటి కవాటము మూసికొనియుండును. ఇంజను చల్లారిన తరువాత గొట్టములను ఊడదీసి, మామూలు ప్రవాహమునకు ఎదురుగా నీటిని పంపినచో మడ్డి చాలవరకు వెడలును. ఒత్తిడి మాత్రము మెత్తగా నుండవలెను. పాత లోహము పగులుటకు ఎంతసేపు?

రెండును గోరువెచ్చగనే యున్నచో మొదట నీటిమట్టము చూడవలెను. నీరు తగ్గిన బండిలో హీటరునందు గాలి చేరి ప్రవాహము నిలిచిపోవును. అయితే కాగియున్న ఇంజనుపై రేడియేటరు మూత ఎన్నడును తీయరాదు. సలసల కాగు నీరు ముఖముపైకి చిమ్మును.

నీరు నిండుగా నున్నచో థర్మోస్టాటును అనుమానింపవలెను. నీరు సుమారు 80, 90 డిగ్రీలకు కాగువరకు పెద్ద రేడియేటరు దారిని మూసియుంచునది ఇదియే. ఇది తెరచియే బిగిసినచో ఇంజను ఎన్నటికిని సరిగా కాగదు. మన దేశమున కొందరు మెకానిక్కులు ఇంజను వేడెక్కకుండునని దీనిని పెరికివేయుట కలదు. మైదానములలో అది చెల్లుబాటైనట్లు తోచవచ్చును. ఆ బండియే లడఖ్ చలికి పోయినచో హీటరు పేరునకే మిగులును.

ఇక బండిలోపల తియ్యని వాసన వచ్చుచు, అద్దముపై జిడ్డు పొర కట్టుచున్నచో చిన్న రేడియేటరు కారుచున్నదని గ్రహింపవలెను. దానిని మార్చుటయే మేలు. చలిదేశములలో నీరు గడ్డకట్టకుండ కలుపు ఎథిలీన్ గ్లైకాల్ విషపదార్థము. నేలపై చిందినదానిని తీపికి ఆశపడి కుక్కలు నాకును. వెంటనే కడిగివేయవలెను.