రాతిధూళి – ఊపిరితిత్తులు

పసివానికి అక్షరాభ్యాసము చేయునపుడు ఒక పలకయు, ఒక బలపమును చేతికిత్తుము. అది మార్కాపురపు పలక యని పెద్దలు చెప్పుట మన యిండ్లలో వాడుక. ఆ పలకరాతిని ఎవరు తవ్విరి, ఎవరు కోసిరి, కోయునపుడు లేచిన ధూళి ఎవరి ఊపిరిలో కలిసినది అను ప్రశ్న మాత్రము మనకు తోచదు. వస్తువు మనయింటికి వచ్చును; దానిని చేసిన చేతుల కథ అచ్చటనే నిలిచిపోవును. ఆ కథలో ఒక భాగమును నేడు చెప్పుకొందము.

బలపములలో మెత్తని బలపపురాతితో చేసినవి కొన్ని; పలకరాతినే సన్నని పుల్లలుగా కోసి చేసినవి కొన్ని. ఈ రెండవరకము బలపములకు మధ్యప్రదేశములోని మంద్‌సౌర్ ప్రాంతము పేరుపొందినది. 1980 దశకమున వైద్యపరిశోధకులు అచ్చటి పనివారిని పరీక్షింపగా, సగముమందికి పైగా ఊపిరితిత్తులలో రాతిధూళివలన కలిగెడి వ్యాధి కనబడెను. వారిలో పలువురు ఇంకను యువకులే. పిల్లలు అక్షరములు దిద్దుకొను పుల్లను కోయుచు వారు తమ ఆయువును కోసికొనుచుండిరి. ఆ వ్యాధి పేరు సిలికోసిస్.

సిలికా యనునది మనకు కొత్తది కాదు. ఏటి యిసుకలో నున్నది అదియే. పొలములలో తెల్లగా మెఱయు పలుగురాయి ఇంచుమించు అంతయు అదియే. నల్లరాతిలోను, పలకరాతిలోను, ఇసుకరాతిలోను అది ఎక్కువ తక్కువలుగా కలిసియున్నది. అట్లయినచో ఇసుకలో ఆడుకొను పిల్లలకు అపాయము లేదా యని సందేహము కలుగవచ్చును. ఆ భయము పనిలేదు. ఏటియిసుక రేణువు పెద్దది, గాలిలో నిలువదు, ముక్కులో దూరినను తుమ్ముతో వెలుపలికి వచ్చును. రాతిని పగులగొట్టినపుడు, తొలిచినపుడు, కోసినపుడు, నునుపు చేసినపుడు పుట్టెడి అతిసూక్ష్మమైన పొడియే ప్రమాదకరము.

ఆ పొడి ఎంత సూక్ష్మమో చూడుడు. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో ఒక భాగమునకు మైక్రాను అని పేరు. మన తలవెండ్రుక మందము ఇంచుమించు 50 మొదలు 70 మైక్రానులు. ముక్కులోని వెండ్రుకలు, గొంతులోని తేమ పెద్ద రేణువులను పట్టి నిలుపగలవు. 5 మైక్రానులకు లోబడిన రేణువులు ఈ కావలిని తప్పించుకొని ఊపిరితిత్తుల అడుగున నున్న గాలిబుడగల వఱకు పోగలవు. ఒక మైక్రాను రేణువు నిశ్చలమైన గాలిలో మనిషి యెత్తునుండి నేలకు దిగుటకు కొన్ని గంటలు పట్టును. కావున కంటికి కనబడు దుమ్ము అణగిన తరువాతకూడ, కనబడని దుమ్ము గాలిలో నిలిచియే యుండును. యంత్రము ఆగినది, దుమ్ము తగ్గినది అని పనివాడు ముఖమునకు కట్టిన గుడ్డను విప్పి అక్కడనే కూర్చుండి అన్నము తినునపుడు కూడ అతడు పీల్చునది ఆ ధూళియే.

గాలిబుడగలలో రక్షకభటులవంటి కణములు కలవు. క్రిములు, మలినములు ఏవి వచ్చినను అవి మ్రింగి నాశనము చేయును. సిలికా రేణువును కూడ అట్లే మ్రింగును. కాని రాతిని అరగించుకొనుట వాటికి సాధ్యము కాదు. మ్రింగిన కణమే చచ్చును. చచ్చుచు తనలోని తీక్ష్ణమైన ద్రవములను వెలువరించును. విడివడిన రేణువును మరియొక కణము మ్రింగును, అదియు చచ్చును. ఈ పోరాటము జరిగిన చోటెల్ల, గాయము మానినచోట మచ్చ యేర్పడినట్లు, గట్టి నారపదార్థము పేరుకొనును. ఉల్లిగడ్డ పొరలవలె ఒకదానిపై నొకటిగా చుట్టుకొని చిన్న చిన్న గడ్డలు తయారగును. మెత్తగా సాగుచు ముడుచుచు నుండవలసిన ఊపిరితిత్తి క్రమముగా బిరుసెక్కిపోవును. ఇట్లు ఏర్పడిన మచ్చను కరగించి ఊపిరితిత్తిని పూర్వస్థితికి తెచ్చు మందు ఇంతవఱకు లేదు.

ఈ వ్యాధికి గల గొప్ప మోసము కాలయాపన. సాధారణముగా ధూళిలో పనిచేయ నారంభించిన పది, ఇరువది యేండ్లకు గాని ఇది బయటపడదు. ధూళి మిక్కుటముగా నున్నచోట ఐదేండ్లకే కనబడవచ్చును. మూసియున్న తావులలో దట్టమైన సిలికాధూళిని పీల్చినవారికి కొన్ని నెలలలోనే ప్రాణాపాయము కలుగవచ్చును. మొదట మెట్లెక్కునపుడు కొంచెము ఆయాసము, పొడిదగ్గు. వయస్సు వచ్చుచున్నదని అతడనుకొనును. తరువాత బరువు ఎత్తలేడు, ఆపైన నడువలేడు, తుదకు పండుకొనియు ఊపిరి తీయలేడు. పని మానివేసినను వ్యాధి ఆగునను నిశ్చయము లేదు. లోపల చేరిన రేణువులు తమ పనిని తాము చేయుచునే యుండును.

రెండవ మోసము క్షయతో పోలిక. దగ్గు, ఆయాసము, బరువు తగ్గుట రెంటికిని సామాన్యములు. ఛాయాచిత్రములో మచ్చలు కనబడగానే క్షయయని మందులిచ్చుట, అవి వాడినను ఆయాసము తగ్గకుండుట పెక్కుచోట్ల జరుగుచున్నది. మరి యొకటి: సిలికా చేరిన ఊపిరితిత్తులలో రక్షకకణములు నశించుటచేత క్షయక్రిములు సులభముగా ప్రబలును. కొందరికి రెండును కలిసియుండును. కావున క్షయమందులను మానవలసినదని దీని యర్థము కాదు. రోగి చేసిన పనినిగూర్చి కూడ వైద్యుడు తెలిసికొనవలెనని యర్థము. ఇంతే కాక, సిలికాధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమగునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1997లో నిర్ణయించెను.

ఈ విషయము పూర్వులకు తెలియనిది కాదు. 1556లో ప్రకటితమైన అగ్రికోలా గనులశాస్త్ర గ్రంథములో, కార్పేథియన్ పర్వతముల గనులప్రాంతమున ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకొన్న స్త్రీల ప్రసక్తి కలదు. 1700లో ఇటలీదేశపు వైద్యుడు రామజ్జీని వృత్తివ్యాధులపై మొదటి సమగ్రగ్రంథమును వ్రాసి, వైద్యుడు రోగిని అడుగు ప్రశ్నలలో అతని వృత్తి ఏమను ప్రశ్నను కూడ చేర్చవలెనని బోధించెను. మూడువందల యేండ్లు గడచినవి. ఆ ఒక్క ప్రశ్న నేటికిని పెక్కు వైద్యశాలలలో వినబడుట లేదు.

మనకు సమీపమున జరిగిన కథ కోలారు బంగారుగనులది. 1880 దశకమునుండి అచ్చట ఆధునిక పద్ధతులతో గనిపని సాగెను. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు సీమలనుండి తమిళులు, తెలుగువారు వేలకొలదిగా పోయి ఆ గనులలో దిగిరి. కోలారు బంగారము పలుగురాతి పొరలలో నిమిడియుండును. బంగారమును తీయవలెనన్న పలుగురాతిని తొలువవలెను. తుదకు ఆ గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినవి. 1940–46 సంవత్సరముల నడుమ అచ్చటి పనివారిని 7653 మందిని పరీక్షింపగా, నూటికి 43 మందికి పైగా సిలికోసిస్ కనబడెను. అట్లే నాటి బీహారు అభ్రకపుగనులలో 329 మందిని పరీక్షింపగా నూటికి 34 మందికి ఈ వ్యాధి యుండెను. అభ్రకము మెత్తనిదే, కాని దానిని చేరుటకు పలుగురాతిని పగులగొట్టవలెను. మన గూడూరు అభ్రకమునకును ఆ పలుగురాతి పొత్తు కలదు. కోలారు గనులు 2001లో మూతపడినవి. గని మూతపడినను అందు పనిచేసినవారి రొమ్ములోని ధూళి వారితోనే ఇంటికి వచ్చినది.

గనులు మూతపడినంతమాత్రమున అపాయము తొలగలేదు, తావు మార్చుకొన్నది. చీమకుర్తిలోను, కరీంనగరు ప్రాంతములోను నల్లరాతి క్వారీలు, ఊరూర కంకరమిల్లులు, రాయి నునుపుచేయు చిన్న చిన్న కార్ఖానాలు, ఇండ్లు కట్టుచోట రాతిని కోయు చేతియంత్రములు – అన్నిచోట్లను పుట్టునది ఈ ధూళియే. వంటయింటి గట్టునకై కృత్రిమముగా తయారుచేయు కొన్ని రాతిపలకలలో నూటికి తొంబది పాళ్లవఱకు సిలికా యుండును. వాటిని కోయు యువకులు వరుసగా జబ్బుపడుట చూచి, ఆస్ట్రేలియాదేశము 2024 జూలై 1 నుండి అట్టి రాతిని నిషేధించెను.

ఇంత దారుణమైన వ్యాధికి నివారణ మాత్రము కష్టమైనది కాదు. మందు లేని వ్యాధికి నీరే మందు. పూర్వము గనులలో పొడిగా తొలిచెడి యంత్రములకు విధవలను చేయు యంత్రములని పనివారు పేరుపెట్టిరి. తొలుచు మొననుండి నీరు పాఱునట్లు యంత్రమును మార్చుటతో ధూళి చాలవఱకు పుట్టినచోటనే అణగెను. నీరు వాడరానిచోట ధూళిని పుట్టినచోటనే పీల్చివేయు గొట్టములు అమర్చవలెను. పనిచోటును పొడిగా ఊడ్వరాదు, తడిపి ఊడ్వవలెను. లోహపుపోతలను ఇసుకజల్లుతో శుభ్రపఱచు పద్ధతిని మాన్పించి, బ్రిటనులో 1949లోనే నిబంధనలు చేసిరి. ఇసుకకు మాఱుగా ఇతర పదార్థములు వచ్చినవి.

ముఖమునకు గుడ్డ కట్టుకొన్న చాలునని పెక్కుమంది నమ్ముదురు. గుడ్డ పోగుల సందులు ఈ రేణువులకు రాజమార్గములు. సూక్ష్మధూళిని ఆపుటకై ప్రత్యేకముగా చేసిన, ముఖమునకు సందులేక అంటుకొను వడపోత తొడుగు కావలెను. అదియు కడపటి రక్షణయే. ధూళిని పుట్టనీయకుండుట యజమాని ధర్మము. తొడుగు నిచ్చి ధూళిని అట్లే యుంచినచో ధర్మము సగమే జరిగినట్లు.

చట్టము మాటయేమి? 1948 నాటి కర్మాగారముల చట్టము సిలికోసిస్‌ను ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులలో చేర్చెను. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా సంహితయు దానిని నిలిపినది. కార్మికుల నష్టపరిహారమునకై 1923లో చేసిన చట్టపు వృత్తివ్యాధుల పట్టికలో కాలక్రమమున ఈ వ్యాధి చేరెను. 1995లో రాతినార కార్మికుల విషయమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, కార్మికుని ఆరోగ్యము అతని జీవించు హక్కులో భాగమని నిర్ణయించెను. పనిలో చేరిననాటినుండి 40 ఏండ్లు, లేక పని విడిచిననాటినుండి 15 ఏండ్లు, ఏది తరువాత వచ్చునో అంతవఱకు ఆరోగ్యపు దస్తావేజులను భద్రపఱుపవలెనని ఆజ్ఞాపించెను. వ్యాధి ఆలస్యముగా వచ్చునను సత్యమును న్యాయస్థానము గుర్తించినదనుటకు ఇదియే సాక్ష్యము. 2019లో రాజస్థాన్ ప్రభుత్వము ఇట్టి ధూళివ్యాధులకు ప్రత్యేక విధానమును ప్రకటించి, బాధితులకు ధనసహాయము ఏర్పాటుచేసెను.

చట్టమున్నను ఫలము అందుట కష్టముగా నున్నది. కారణము ఊహింపుడు. ఒకడు ఇరువదవయేట ఒక క్వారీలో పనికి చేరినాడు. అచ్చట నాలుగేండ్లు, ఇంకొకచోట మూడేండ్లు, మేస్త్రీ వెంట మరియొక జిల్లాలో ఐదేండ్లు. ఎచ్చటను హాజరుపట్టీలో పేరులేదు, చేతిలో చీటీలేదు. నలుబదియవయేట మంచముపట్టెను. పరిహారము కోరుటకు ఎవరిని అడుగవలెను? ఏ యజమాని దగ్గర ఏ ధూళి పీల్చితినని ఎట్లు నిరూపింపవలెను? దేహములో సాక్ష్యమున్నది; కాగితముపై సాక్ష్యములేదు. అందుచేత అతని కుటుంబమునకు దక్కవలసినది దక్కకపోవును.

కావున మన యింటిలోగాని, మన యెఱుకలోగాని రాతిపని చేయువారుండినచో ఈ చిన్న జాగ్రత్తలు చెప్పుదము. పనిచేసిన చోటు, యజమాని, చేరిన తేది, విడిచిన తేది ఒక పుస్తకములో వ్రాసి యుంచవలెను. కూలిచీటీ, గుర్తింపుకార్డు ఏదైనను పారవేయరాదు. పనిలో చేరినపుడును, తరువాత కాలక్రమమునను ఛాయాచిత్రమును, ఊపిరిబలమును కొలుచు పరీక్షను చేయించుకొనవలెను; ఆ చిత్రములను దాచవలెను. పనిబట్టలతో ఇంటికి రారాదు. వచ్చినను వాకిట విడిచి, దులుపక తడిపి ఉతుకవలెను. లేనిచో ఆ ధూళి పసిబిడ్డల ఊపిరిలోను చేరును. చుట్ట, బీడి మానవలెను. ధూళికి పొగ తోడైన నష్టము రెట్టింపగును. వైద్యుడు అడిగినను అడుగకున్నను, నేను ఇన్నేండ్లు రాతిపని చేసితినని ముందుగా తానే చెప్పవలెను.

మనకును ఒక కర్తవ్యము కలదు. ఇంటికి నేలబండలు పఱపించునపుడు, వంటగట్టునకు రాయి కోయించునపుడు, ఒక కుండెడు నీరు ప్రక్కన పెట్టించి, తడిపి కోయుమని చెప్పుటకు మనకేమియు వ్యయము లేదు. పని కొంత ఆలస్యమగును. నేల కొంత బురదయగును. ఆ బురదను సాయంకాలము కడిగివేయవచ్చును. రొమ్ములో చేరిన ధూళిని కడుగుటకు మాత్రము ఏ యేటినీరును చాలదు.