ఆర్సెనల్ కాదు... కొహిమా!

1948 జులై 31. లండన్ శివార్లలోని ఇల్‌ఫర్డ్. క్రికెల్‌ఫీల్డ్ మైదానంలో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టు తొలి ఒలింపిక్ మ్యాచ్ ఆడుతోంది. ఎదురుగా ఫ్రాన్స్. మన పదకొండుమందిలో ఎనిమిదిమంది కాళ్లకు బూట్లు లేవు. ఫ్రెంచివాళ్లు తొడుక్కున్నవేమో అడుగున మేకులున్న బూట్లు. పొరపాటున ఒక్క అడుగు పాదం మీద పడితే ఏమవుతుందో ఫుట్‌బాల్ ఆడినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మన కెప్టెన్‌కైతే ఎముకల పేర్లతో సహా తెలుసు. ఒక్కో పాదంలో ఇరవై ఆరు ఎముకలని చదువుకుంటున్న వైద్య విద్యార్థి ఆయన.

పేరు తాలిమెరెన్ ఆవో. వయసు ముప్ఫై. రెండు రోజుల క్రితం వెంబ్లీలో ఆరంభోత్సవం నాడు మన జెండా పట్టుకుని నడిచింది ఆయనే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది నిండలేదు.

ఆ మ్యాచ్ తలుచుకుంటే ఇప్పటికీ చేతులు నలుపుకోవాల్సిందే. మనకు రెండు పెనాల్టీలు దొరికాయి. ఒకటి శైలెన్ మన్నా, ఒకటి మహావీర్ ప్రసాద్ కొట్టారు. రెండూ చేజారాయి. మొదట ఫ్రాన్స్ ఒక గోల్ కొట్టింది. రెండో సగంలో సారంగపాణి రామన్ దాన్ని సరిచేశాడు. ఇక డ్రానే అనుకుంటుండగా, ఆట ముగియబోయే ముందు ఫ్రాన్స్ రెండోది కొట్టేసింది. 2-1. ఓడినా చప్పట్లు మనకే ఎక్కువ పడ్డాయంటారు. ఉత్తకాళ్లతో ఎందుకు ఆడారని విలేకరులు అడిగితే, మేం ఆడేది ఫుట్‌బాల్, మీరాడేది బూట్‌బాల్ అని కెప్టెన్ నవ్వుతూ అన్నాడని ప్రతీతి.

మాట బాగుంది గానీ బూట్‌బాలే గెలిచింది. 1952 హెల్సింకీలో యుగొస్లావియా చేతిలో 10-1తో చావుదెబ్బ తిన్నాక మనవాళ్లకు బూట్లు తప్పనిసరి చేశారు. మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా జట్టును నడిపించేనాటికి, ఆవో మైదానం విడిచి మూడేళ్లుగా కొహిమాలో రోగుల నాడి చూస్తున్నాడు.

ఆవో పుట్టింది 1918లో, నాగా కొండల్లోని ఛాంగ్కి గ్రామంలో. పన్నెండుమంది పిల్లల ఇల్లు. తండ్రి చర్చిలో రెవరెండ్. ఇంపుర్ మిషన్ ఆవరణలో పిల్లలు గుడ్డపీలికలు చుట్టి చేసుకున్న బంతే ఆవోకు మొదటి ఫుట్‌బాల్. కొడుకు డాక్టరై తన మనుషులకు వైద్యం చేయాలని తండ్రి కోరిక. ఆ తండ్రి 1935లో టైఫాయిడ్‌తో పోయాడు. అప్పట్లో దానికి మందు లేదు. మన ఇళ్లలో సన్నిపాత జ్వరమని భయపడుతూ, మూడు వారాలు గండం గడిస్తే చాలని మొక్కుకునేవారే, అదే జబ్బు. టైఫాయిడ్‌ను నయం చేసే క్లోరాంఫెనికాల్‌ను మొదటిసారి ఆ జబ్బు రోగులకిచ్చి గుణం చూసింది 1948లో. కొడుకు ఇల్‌ఫర్డ్‌లో ఆడుతున్న ఏడాదే! తండ్రిని తీసుకుపోయిన జబ్బుకు ఆయన డాక్టరయ్యేలోగా మందు వచ్చిందన్నమాట.

ఆవో గువాహటి కాటన్ కాలేజీ మీదుగా 1942లో కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీకి చేరాడు. నేటి ఆర్.జి.కర్ అదే. ఆ పేరు మారింది కూడా 1948లోనే. కాలేజీలో చేరిన మరుసటి ఏడు మోహన్‌బగాన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆయన్ను పిలిచింది. అది బెంగాల్ కరువు ఏడు. వీధుల్లో మనుషులు రాలిపోతున్నారు. 1946లో కలకత్తా మత కల్లోలాలు. ఆ నగరంలోనే ఆవో ఒకవైపు డిఫెన్స్ కాస్తూ, ఇంకోవైపు పరీక్షలు రాస్తూ వచ్చాడు. చేతికి ఎంబీబీఎస్ పట్టా వచ్చేసరికి 1950 అయింది. ఎనిమిదేళ్లు. మ్యాచ్‌లు తినేసిన కాలం ఎంతో ఆ అంకెలోనే కనిపిస్తుంది.

ఒలింపిక్స్ తర్వాత ఆర్సెనల్ క్లబ్ ఏడాది కాంట్రాక్టు ఇస్తామన్నా ఆయన ఒప్పుకోలేదని ఫుట్‌బాల్ అభిమానులు చెప్పుకుంటారు. అదేదో మహాత్యాగమన్నట్టు రాస్తుంటారు. నాకలా అనిపించదు. కలకత్తా మైదాన్‌లో అప్పటి ఆట పేరుకు అమెచ్యూరే. ఎంత గొప్ప ఆటగాడికైనా పొద్దున్నే వెళ్లడానికి ఓ ఆఫీసో రైల్వే ఉద్యోగమో ఉండాల్సిందే. ఆవోకు వెళ్లాల్సిన చోటు చిన్నప్పుడే తెలుసు. ఆట దారిలో దొరికింది. దాన్ని దేశానికి కెప్టెన్ అయ్యేంత బాగా ఆడాడు, అంతే. ఇందులో వదులుకున్నదాని కన్నా వెంటపడి సాధించుకున్నదే ఎక్కువ.

ఆట, వైద్యం రెండూ చేతబట్టినవాళ్లు లోకంలో ఇంకా ఉన్నారు. 1982 ప్రపంచకప్‌లో బ్రెజిల్ కెప్టెన్ సోక్రటీస్ క్లబ్బుకు ఆడుతూనే వైద్యవిద్య పూర్తి చేశాడు. సిగరెట్లు మాత్రం మానలేకపోయిన డాక్టరు! తాలిబన్లు తండ్రిని చంపేస్తే అఫ్గానిస్థాన్ నుంచి పారిపోయి డెన్మార్క్ జాతీయ జట్టు దాకా ఎదిగిన నాదియా నదీమ్ 2022లో డాక్టరైంది. అయితే ఆవో వెళ్లిన చోటు వేరు.

పట్టా వచ్చాక డిబ్రూగఢ్‌లో అసిస్టెంట్ సర్జన్‌గా, ఆపైన చెవి-ముక్కు-గొంతు విభాగంలో పనిచేసి, 1953లో కొహిమా చేరుకున్నాడు. అప్పటికి నాగాలాండ్ రాష్ట్రమే లేదు. అస్సాంలో అదొక కొండల జిల్లా. తొమ్మిదేళ్ల క్రితం జపాన్ సైన్యానికీ బ్రిటిష్ ఇండియా సైన్యానికీ భీకరయుద్ధం జరిగిన ఊరు. ఆయన వెళ్లిన కొన్నాళ్లకే కొండల్లో మళ్లీ తుపాకులు మోగాయి. సాయుధ తిరుగుబాటు, గాలింపులు, 1958లో సైన్యానికి ప్రత్యేకాధికారాలు. అలాంటి ఊళ్లో సివిల్ సర్జన్‌గా చేశాడు. 1963లో రాష్ట్రం ఏర్పడింది. ఆరోగ్యశాఖ డైరెక్టర్ హోదా దాకా వెళ్లి 1978లో పదవీ విరమణ చేశాడు. ఎనభై ఏళ్ల వయసులో, 1998 సెప్టెంబరులో కన్నుమూశాడు.

ఈశాన్య రాష్ట్రాల జట్ల కోసం అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2009లో ఒక టోర్నీ మొదలుపెట్టి, దానికి ‘డాక్టర్ టి.ఆవో ట్రోఫీ’ అని పేరు పెట్టింది. అందులో ఆడిన కుర్రాళ్లందరికీ బూట్లున్నాయి.